ఆర్మీ టీమ్‌ని మూడేళ్లు ఓడించిన ఊరి టీమ్: జాల్గిరిస్ కౌనస్ కథ

ఈ ఎపిసోడ్ వీడియోలో కాకుండా చదువుకుందాం అనుకునేవాళ్ల కోసం, ఇదిగో మొత్తం టెక్స్ట్.

ఒక క్లిప్ మీ ఫీడ్‌లోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. 2017 నాటిది. ప్రెస్ మీట్‌లో ఒక బాస్కెట్‌బాల్ కోచ్ కూర్చుని ఉంటాడు. ఒక రిపోర్టర్ అడుగుతాడు: సెమీఫైనల్స్ మధ్యలో మీ ప్లేయర్ ఒకడు భార్య డెలివరీ అని వెళ్లిపోయాడు కదా, దీని గురించి ఏమంటారు అని. కోచ్ మొహం మారిపోతుంది. నేనే పంపాను అంటాడు. నీకు పిల్లలున్నారా అని ఎదురు అడుగుతాడు. బిడ్డ పుట్టడం కన్నా బాస్కెట్‌బాల్ పెద్దదా అని ఆ కుర్రాడికి క్లాస్ పీకుతాడు. కోట్లమంది చూసిన వీడియో అది. ఆ కోచ్ పేరు షరూనస్ యసికేవిచ్యుస్. ఆయన అప్పుడు కోచింగ్ ఇస్తున్న టీమే జాల్గిరిస్. ఊరు కౌనస్, దేశం లిథువేనియా.

వీడియో అందరూ షేర్ చేశారు, టీమ్ గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఇవాళ మన టాపిక్ ఆ టీమే.

ముందు సైజ్ అర్థం చేసుకోండి. లిథువేనియా మొత్తం జనాభా 30 లక్షల లోపే. కౌనస్‌లో ఉండేది దాదాపు 3 లక్షల మంది. ఇంత చిన్న ఊరి క్లబ్బు యూరోలీగ్‌లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా లాంటి వాళ్లతో ఆడుతుంది. యూరోలీగ్ అంటే యూరప్ క్లబ్బులకి అన్నిటికన్నా పెద్ద పోటీ, ఎన్‌బీఏ తర్వాత ఆ స్థాయి అక్కడే. మనకి క్రికెట్ ఎలాగో వాళ్లకి బాస్కెట్‌బాల్ అలాగ. కాకపోతే మన క్రికెట్ పిచ్చి వెనక లేని ఒక భయం వాళ్ల పిచ్చి వెనక ఉంది. అసలు మన దేశం పేరైనా మిగులుతుందా అనే భయం.

అదెక్కడ మొదలైందో చూద్దాం.

1930ల్లో లిథువేనియా స్వతంత్ర దేశం. విల్నియస్ అప్పట్లో పోలండ్ చేతిలో ఉండేది కాబట్టి కౌనస్ తాత్కాలిక రాజధాని అయ్యింది. 1937లో యూరోపియన్ బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌ని లిథువేనియా గెలిచింది. 1939లో ఆ టోర్నీని వాళ్లే కౌనస్‌లో పెట్టారు, దాని కోసం ప్రత్యేకంగా ఒక హాల్ కట్టారు. యూరప్‌లో బాస్కెట్‌బాల్ కోసమే కట్టిన మొదటి హాల్ అదే అంటారు. ఆ టోర్నీ కూడా వాళ్లే గెలిచారు. ప్రాన్స్ లుబినస్ అని ఒక పొడుగాయన ఆ టీమ్‌కి స్టార్. పుట్టింది లాస్ ఏంజెలస్‌లో, 1936 ఒలింపిక్స్‌లో అమెరికాకి గోల్డ్ తెచ్చిన టీమ్‌లో ఉన్నవాడు. మూలాలు లిథువేనియావి కాబట్టి ఇక్కడికొచ్చి ఆడాడు, ఆట నేర్పాడు కూడా.

ఆ సంబరం ఒక్క ఏడాది. 1940లో సోవియట్ యూనియన్ దేశాన్ని కలిపేసుకుంది. 1941లో జర్మన్లు వచ్చారు. 1944లో మళ్లీ సోవియట్లు వచ్చారు, ఈసారి దాదాపు యాభై ఏళ్లు ఉండిపోయారు. పాత జెండా మీద నిషేధం.

సరిగ్గా ఆ 1944లోనే పుట్టింది జాల్గిరిస్ క్లబ్. ఆ పేరులో ఒక చమత్కారం ఉంది, జాగ్రత్తగా వినండి. జాల్గిరిస్ అంటే అక్షరాలా పచ్చని అడవి. క్లబ్ రంగు ఆకుపచ్చ అవడం కూడా అలా కలిసొచ్చింది. కానీ లిథువేనియా వాళ్లకి ఆ మాట వినగానే గుర్తొచ్చేది అడవి కాదు, 1410 నాటి యుద్ధం. పోలండ్, లిథువేనియా కలిసి జర్మన్ ట్యూటానిక్ యోధుల్ని చిత్తుగా ఓడించిన యుద్ధం అది. బయటి ప్రపంచం దాన్ని గ్రున్వాల్డ్ అంటుంది, వీళ్లు జాల్గిరిస్ అంటారు. 1944లో సోవియట్లు జర్మనీతో యుద్ధంలో ఉన్నారు కాబట్టి జర్మన్లని ఓడించిన యుద్ధం పేరు వాళ్లకి అభ్యంతరంగా అనిపించే పని లేదు. అదే పేరు లిథువేనియా మనిషికి మాత్రం, ఒకప్పుడు మా దేశం ఎంత పెద్దదో గుర్తుందా అని చెవిలో చెప్పినట్టుండేది. ఒకే పేరుకి రెండు అర్థాలు.

1947లో, 1951లో జాల్గిరిస్ సోవియట్ ఛాంపియన్ అయ్యింది. ఆ తర్వాత చాలా ఏళ్లు కరువు. కారణం మాస్కోలో ఉంది. దాని పేరు సీఎస్‌కేఏ. సీఎస్‌కే కాదండోయ్, చివర ఇంకో ఏ ఉంది! అది సోవియట్ సైన్యం క్లబ్.

ఇందులో కిటుకేంటంటే, సోవియట్ యూనియన్‌లో 18 ఏళ్లు నిండిన కుర్రాళ్లకి మిలిటరీ సర్వీస్ తప్పనిసరి. ఎక్కడో ఒక రిపబ్లిక్‌లో ఒక కుర్రాడు బాగా ఆడుతున్నాడనుకోండి, ఆర్మీకి పిలుపొస్తుంది. ఆర్మీకి వెళ్తే ఆడేది ఎవరికి? ఆర్మీ క్లబ్‌కి. వేలం లేదు, ట్రాన్స్‌ఫర్ ఫీజు లేదు, నీ ఇష్టం ఏంటి అని అడిగేది లేదు. ఇలాంటి టీమ్‌తో ఊరి టీమ్ ఎలా పోటీ పడుతుంది చెప్పండి? 1976 నుంచి 1984 దాకా వరుసగా తొమ్మిది టైటిల్స్ సీఎస్‌కేఏవే.

ఈ మధ్యలో జరిగిన ఒకటి చెప్పకుండా ముందుకెళ్లలేను. 1972 మే నెలలో కౌనస్ నడిబొడ్డున రోమస్ కలాంతా అనే 19 ఏళ్ల విద్యార్థి సోవియట్ పాలనకి నిరసనగా ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. తర్వాత ఊళ్లో పెద్ద ఎత్తున నిరసనలు, అరెస్టులు. అదే ఏడాది సెప్టెంబర్లో మ్యూనిక్ ఒలింపిక్స్. చివరి మూడు సెకన్లు మళ్లీ మళ్లీ ఆడించి, 51-50తో అమెరికా మీద సోవియట్లు గెలిచిన ఆ వివాదాస్పద ఫైనల్ గురించి వినే ఉంటారు. ఆ సోవియట్ టీమ్ కెప్టెన్ ఎవరో తెలుసా? మోదెస్తస్ పౌలౌస్కస్, జాల్గిరిస్ ప్లేయర్! సొంత ఊళ్లో కుర్రాడు ఆ జెండాని వద్దంటూ ప్రాణం ఇచ్చిన నాలుగు నెలలకి, ఈయన అదే జెండా కింద గోల్డ్ మెడల్ వేసుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకేమీ లేదు. ఆడాలంటే ఇంకో దారి లేదు. మ్యూనిక్ అనే పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అసలు హీరో ఎంట్రీ. 1964లో కౌనస్‌లోనే పుట్టిన అర్విదస్ సబోనిస్. ఎత్తు 221 సెంటీమీటర్లు, అంటే ఏడడుగుల మూడంగుళాలు. ఎన్‌బీఏ చూసేవాళ్లకి డొమాంటస్ సబోనిస్ తెలుసు కదా, వాళ్ల నాన్న. ఇంత పొడుగువాళ్లు మామూలుగా బుట్ట కింద నిలబడి బంతి వేసేవాళ్లు. ఈయన అలా కాదు. గార్డ్‌లాగా పాస్‌లు ఇస్తాడు, తల తిప్పకుండా వెనక్కి వేస్తాడు, దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ కొడతాడు. ఇప్పుడు యోకిచ్ చేస్తుంటే వావ్ అంటున్నాం కదా, ఆ పని 1980ల్లోనే చేశాడు. యూట్యూబ్‌లో పాత క్లిప్పులు ఉన్నాయి, క్వాలిటీ ఘోరంగా ఉంటుంది, అయినా చూడండి.

1981లో 17 ఏళ్లకే జాల్గిరిస్‌కి ఆడటం మొదలుపెట్టాడు. పక్కన రిమస్ కుర్తినైతిస్, వల్దెమారస్ ఖొమిచ్యుస్, సెర్గేయుస్ యొవైషా. కోచ్ వ్లాదస్ గరాస్తస్. దాదాపు టీమ్ అంతా లిథువేనియా కుర్రాళ్లే. మాస్కో టీమ్ ఒక సామ్రాజ్యం మొత్తం నుంచి ఏరుకున్నది, వీళ్లది ఒక చిన్న రిపబ్లిక్ నుంచి వచ్చిన బ్యాచ్.

1985 ఫైనల్లో సీఎస్‌కేఏని ఓడించి జాల్గిరిస్ ఛాంపియన్ అయ్యింది. 34 ఏళ్ల తర్వాత! 1986లో మళ్లీ ఫైనల్, మళ్లీ సీఎస్‌కేఏ, మళ్లీ జాల్గిరిస్. 1987లోనూ అంతే. వరుసగా మూడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. వీధిలో జెండా పట్టుకుంటే జైలు. ర్యాలీ చేస్తే జైలు. కానీ హాల్లో కూర్చుని మన టీమ్ ఎర్ర సైన్యం టీమ్‌ని ఓడిస్తుంటే గొంతు పగిలేలా అరిస్తే ఎవరేం చేస్తారు? ఆట చూస్తున్నాం సార్ అంటే సరిపోతుంది. ఒక ట్రోఫీతో దేశం విడుదల కాదు, నిజమే. కానీ వేలమంది ఒకచోట చేరి, ఒకే కోరికని, పట్టుబడకుండా బయటికి అరవగలిగిన చోటు అదొక్కటే అయినప్పుడు, దాని విలువ స్కోర్‌బోర్డుతో కొలవలేం.

యూరప్ కప్పు మాత్రం చేతికి అందినట్టే అంది జారిపోయింది. 1986 ఏప్రిల్లో బుడాపెస్ట్‌లో యూరోపియన్ కప్ ఫైనల్, ఎదురుగా జాగ్రెబ్ నుంచి వచ్చిన చిబోనా. వాళ్ల స్టార్ ద్రాజెన్ పెత్రోవిచ్. యూరప్‌లో అప్పటికి ఇద్దరే ఇద్దరు కుర్ర మేధావులు, ఇద్దరూ ఒకే కోర్టులో. ఏమైందంటే, మ్యాచ్ వేడెక్కింది, గొడవ జరిగింది, సబోనిస్ చిబోనా ప్లేయర్ నకిచ్ మీద చెయ్యి చేసుకున్నాడు. రిఫరీ బయటికి పంపేశాడు. 94-82తో చిబోనా గెలిచింది. 21 ఏళ్ల కుర్రాడి ఒక్క క్షణం కోపానికి ఊరు 13 ఏళ్లు ఆగాల్సొచ్చింది అంటే అతిశయోక్తి అనుకోను. పూర్తి మ్యాచ్ ఆడినా పెత్రోవిచ్‌ని ఆపేవాళ్లా అంటే, అది వేరే డిబేట్.

అదే ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పోర్ట్‌లాండ్ సబోనిస్‌ని 24వ పిక్‌తో తీసుకుంది. తీసుకుని ఏం లాభం, సోవియట్ వాళ్లు పంపలేదు. తర్వాత కాలి మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. ఆ గాయంతోనే, పూర్తిగా కోలుకోకుండానే 1988 సోల్ ఒలింపిక్స్ ఆడాడు. సెమీఫైనల్లో సోవియట్ టీమ్ అమెరికాని 82-76తో ఓడించింది, ఆ తర్వాత గోల్డ్. ఆ టీమ్ మొదటి ఐదుగురిలో నలుగురు లిథువేనియన్లు. అమెరికా ఆ ఓటమి తట్టుకోలేకే తర్వాత డ్రీమ్ టీమ్ పంపిందని చాలామంది అంటారు. చివరికి 1995లో, 30 దాటాక, సబోనిస్ పోర్ట్‌లాండ్‌లో అడుగుపెట్టాడు. మోకాళ్లు, మడమలు అప్పటికే అయిపోయాయి. కుర్ర సబోనిస్‌ని అమెరికా లీగ్ చూడనే లేదు. నాకైతే బాస్కెట్‌బాల్ చరిత్రలో ఇంతకన్నా పెద్ద నష్టం కనపడదు.

1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. జాల్గిరిస్ సోవియట్ లీగ్ నుంచి తప్పుకుంది. ప్రొఫెషనల్‌గా ఇది ఆత్మహత్యతో సమానం. పెద్ద లీగ్ పోయింది, డబ్బు లేదు, స్టార్లు అప్పటికే బయటికి వెళ్లిపోతున్నారు, సబోనిస్ 1989లోనే స్పెయిన్ వెళ్లాడు. 1991 జనవరిలో విల్నియస్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులొచ్చాయి, 14 మంది చనిపోయారు. ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో లిథువేనియా సొంత పేరుతో ఆడి, కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో మాజీ సోవియట్ దేశాల ఉమ్మడి టీమ్‌ని 82-78తో ఓడించింది. నేషనల్ టీమ్‌కి డబ్బుల్లేకపోతే గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ సాయం చేసింది. రంగురంగుల టై-డై టీషర్టుల్లో పోడియం ఎక్కారు మనవాళ్లు! ఆ కథ మీద 2012లో ది అదర్ డ్రీమ్ టీమ్ అని డాక్యుమెంటరీ వచ్చింది, దొరికితే చూడండి.

ఇప్పుడు మళ్లీ మ్యూనిక్.

1998లో జాల్గిరిస్ యూరప్‌లో రెండో శ్రేణి కప్పు గెలిచింది, ఫైనల్లో మిలానోని కొట్టింది. ఓకే, బాగుంది, కానీ పెద్ద కప్పు వేరే లెక్క అన్నారు అందరూ. ఆ వేసవిలో క్లబ్ ఒక అమెరికన్‌ని తెచ్చుకుంది, టైయస్ ఎడ్నీ. ఎత్తు 178 సెంటీమీటర్లు. అవును, మన ఇళ్లల్లో ఉండే ఎత్తే. 1995లో అమెరికా కాలేజీ టోర్నీలో 4.8 సెకన్లు మిగిలి ఉండగా కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తి బుట్టలో వేసి యూసీఎల్‌ఏని గెలిపించినవాడు. ఎన్‌బీఏలో మూడు సీజన్లు ఆడాడు, నిలదొక్కుకోలేదు. పొట్టివాడన్నారు. కౌనస్‌లో మాత్రం అతని స్పీడే ఆయుధం అయ్యింది. కాలేజీ టీమ్‌లో అతనితో కలిసి ఆడిన చెక్ సెంటర్ యిర్జీ జీదెక్ కూడా జాల్గిరిస్‌లోనే చేరాడు. లోకల్ స్టార్ సౌలియస్ ష్తోంబెర్గస్, కోచ్ యోనస్ కజ్లౌస్కస్.

1999 ఏప్రిల్. ఫైనల్ ఫోర్ మ్యూనిక్‌లో. అంటే చివరి నాలుగు టీములు ఒకే ఊళ్లో చేరి మూడు రోజుల్లో తేల్చుకోవడం. సెమీస్‌లో ఒలింపియాకోస్‌ని 87-71తో చితక్కొట్టారు. ఫైనల్లో ఎదురుగా అంతకుముందు ఏడాది ఛాంపియన్, కిండర్ బొలోన్యా, డబ్బున్న ఇటలీ క్లబ్. స్కోరు 82-74. జాల్గిరిస్ యూరప్ ఛాంపియన్! ఎడ్నీ ఫైనల్ ఫోర్ బెస్ట్ ప్లేయర్.

పౌలౌస్కస్ 1972లో వేరే దేశం జెండా కింద మెడల్ తీసుకున్న ఊరు అది. 27 ఏళ్ల తర్వాత అదే ఊళ్లో ఆయన క్లబ్ సొంత జెండాతో కప్పు ఎత్తింది. ఎవరైనా సినిమా కథలో రాస్తే, మరీ ఓవర్ బాస్ అంటాం.

ఆ తర్వాత అంతా సాఫీ కాదు. 2003లో సబోనిస్ తిరిగొచ్చాడు, ఈసారి క్లబ్ వాటాదారుగా, ప్లేయర్‌గా రెండూ. వయసు 39. ఆ సీజన్ యూరోలీగ్‌లో రెగ్యులర్ సీజన్ ఎంవీపీ ఆయనే. 2004 ఏప్రిల్లో టెల్ అవీవ్‌లో మకాబీతో మ్యాచ్, గెలిస్తే ఫైనల్ ఫోర్. చివరి రెండు మూడు సెకన్లు, జాల్గిరిస్ 3 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. అయిపోయింది అనుకున్నారు. మకాబీ కోర్టు అవతలి చివర నుంచి పొడవాటి పాస్ వేసింది, డెరిక్ షార్ప్ పట్టుకుని తిరిగి విసిరేశాడు. బుట్టలో! 94-94. ఓవర్‌టైమ్‌లో 107-99తో మకాబీ గెలిచింది, తర్వాత కప్పు కూడా వాళ్లదే. సబోనిస్‌కి కౌనస్ జెర్సీలో యూరప్ పెద్ద కప్పు ఎప్పటికీ దక్కలేదు. రియల్ మాడ్రిడ్‌తో 1995లో గెలిచాడు, సొంతూరితో కాదు.

2009లో క్లబ్ వ్లాదిమిర్ రొమానోవ్ అనే వ్యాపారవేత్త చేతికెళ్లింది. 2013లో ఆయన బ్యాంకు కుప్పకూలింది, క్లబ్ అప్పుల్లో మునిగింది. ఇక్కడ కాపాడింది ఒక బిల్డింగ్ అంటే నమ్ముతారా? 2011లో నది మధ్య దీవిలో కట్టిన జాల్గిరియో అరీనా, బాస్కెట్‌బాల్‌కి 15 వేల మందికి పైగా పడతారు. ధనిక ఓనర్ జేబు కాదు, టికెట్ కొనే ఊరి జనం క్లబ్బుని నిలబెట్టారు. అందుకే 2016లో యూరోలీగ్ 11 క్లబ్బులకి దీర్ఘకాలిక లైసెన్సులు ఇచ్చినప్పుడు అందులో జాల్గిరిస్ ఉంది. ఆ కష్టకాలంలో క్లబ్ నడిపిన పౌలియస్ మోతియేయూనస్ తర్వాత యూరోలీగ్‌కే సీఈఓ అయ్యాడు.

యసికేవిచ్యుస్, అదే మన వైరల్ కోచ్, కౌనస్ కుర్రాడే. ప్లేయర్‌గా యూరోలీగ్ నాలుగుసార్లు గెలిచాడు, మూడు వేర్వేరు క్లబ్బులతో. 2004లో షార్ప్ షాట్ కొట్టినప్పుడు ఈయన మకాబీ వైపే ఉన్నాడు, అది కౌనస్ వాళ్లు అంత తేలిగ్గా మర్చిపోయే విషయం కాదు! కోచ్‌గా ఆ బాకీ తీర్చాడు. చిన్న బడ్జెట్ టీమ్‌తో 2018లో క్వార్టర్ ఫైనల్లో ఒలింపియాకోస్‌ని 3-1తో ఓడించి ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లాడు. సెమీస్‌లో ఫెనర్‌బాచే చేతిలో ఓడారు. మూడో స్థానం మ్యాచ్‌లో ఎవరు తగిలారో ఊహించండి. సీఎస్‌కేఏ! 79-77, జాల్గిరిస్ గెలిచింది. మామూలుగా మూడో స్థానం మ్యాచ్ అంటే ఎవరికీ పట్టదు. కౌనస్‌లో పట్టింది.

దేశీయ లీగ్‌లో అయితే 2011 నుంచి 2021 దాకా వరుసగా అన్ని టైటిల్స్ వాళ్లవే. ఆ తర్వాత విల్నియస్ క్లబ్ రీతస్ గట్టి పోటీ ఇస్తోంది.

సీఎస్‌కేఏ సంగతి చెప్పి ఆపుతాను. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్లాక యూరోలీగ్ రష్యన్ క్లబ్బుల్ని సస్పెండ్ చేసింది. 1985కి ముందు మొత్తం సోవియట్ లీగ్‌ని శాసించిన ఆర్మీ క్లబ్ ఇప్పుడు యూరప్ పోటీకి బయట ఉంది. జాల్గిరిస్ ఇంటి మ్యాచ్ ఉన్న రోజు కౌనస్ అరీనాలో మాత్రం ఆకుపచ్చ స్కార్ఫులతో సీట్లు నిండుతూనే ఉన్నాయి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ద్రాజెన్ పెత్రోవిచ్ కథ.